తాళం వేసిన గది, జోష్నా చినప్ప పాతికేళ్ళు

మా అపార్టుమెంట్ క్లబ్‌హౌస్‌లో జిమ్ముకీ టేబుల్ టెన్నిస్ బల్లకీ మధ్య ఒక గది ఉంది. ముందు అద్దం తలుపు, లోపల మూడు తెల్ల గోడలు, వాటి మీద ఎర్ర గీతలు, చెక్క నేల. ఎప్పుడు చూసినా తాళమే. అద్దంలోంచి తొంగి చూస్తే వినాయక చవితి మండపం కర్రలు, గాలి పోయిన రెండు చిన్న సైకిళ్ళు, ఎవరో వదిలేసిన పాత సోఫా కనిపిస్తాయి. బ్రోచర్‌లో మాత్రం దాని పేరు స్క్వాష్ కోర్ట్. గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ వైపు ఉండే మీలో చాలామందికి ఈ గది పరిచయమే అయ్యుంటుంది :-)

మా వాచ్‌మన్‌ది తాండూరు పక్క పల్లె. నాదీ తాండూరే అని తెలిసిన రోజు నుంచి నన్ను "సార్" అనడం మానేసి "తమ్మీ" అంటున్నాడు. ఆయన కూతురికి పదకొండేళ్ళు. సెల్లార్లో పార్కింగ్ గోడకేసి ప్లాస్టిక్ బ్యాటుతో బంతి కొడుతూ ఉంటుంది, గంటల తరబడి. ఒక ఆదివారం నన్ను ఆపి అడిగింది. "అన్నా, ఆ తాళమేసిన రూముల ఆడేది గూడ గోడకేసి కొట్టే ఆటేనంట గదా? మరి గెలుసుడెట్ల? గోడ ఓడిపోతదా?"

నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఇలాంటి గదులు ఓ పది చూసుంటా, లోపల ఒక్క మనిషి ఆడుతుండగా చూడలేదు. ఆ రాత్రి చదవడం మొదలుపెట్టా. రెండు వారాలకి స్క్వాష్ నియమాల దగ్గర్నుంచి జోష్నా చినప్ప అనే మనిషి దగ్గరికి చేరా. ఈ టపా ఆవిడ గురించి. ఆ పిల్ల ప్రశ్న గురించి కూడా.

ముందు ఒక క్యాలెండర్ సంగతి.

జోష్నా పుట్టింది 1986 సెప్టెంబర్ 15న, చెన్నైలో. సరిగ్గా రెండు నెలలకి, 1986 నవంబర్ 15న, ముంబైలో ఇంకో అమ్మాయి పుట్టింది. పెరిగింది మాత్రం మన హైదరాబాద్‌లో. ఆ రెండో అమ్మాయి పేరు చెప్పక్కర్లేదు, సానియా మీర్జా. 2003లో సానియా వింబుల్డన్ జూనియర్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే 2003లో జోష్నా బ్రిటిష్ జూనియర్ స్క్వాష్ టైటిల్ గెలిచింది, అలా గెలిచిన తొలి భారతీయురాలు. 2005 ఫిబ్రవరిలో సానియా హైదరాబాద్ ఓపెన్ గెలిచి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. అదే 2005లో జోష్నా బెల్జియంలో ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్ళి ఈజిప్టు అమ్మాయి రనీం ఎల్ వెలీలీ చేతిలో ఓడింది. (ఆ రనీం తర్వాత ప్రపంచ నంబర్ వన్ అయింది.)

2005లో నేను రెండో క్లాసు. తాండూరులో మేం క్షవరానికెళ్ళే షాపులో గోడ మీద దేవుడి పటం పక్కనే సానియా ఫొటో ఉండేది, పేపర్లోంచి కత్తిరించి అంటించింది. రాకెట్ పట్టుకున్న ఆడపిల్ల అంటే మా ఊరికి తెలిసింది అప్పుడే. జోష్నా ఫొటో తాండూరులోనే కాదు, వికారాబాద్‌లో కూడా ఏ గోడ మీదా ఉండి ఉండదు. ఒకే ఏడు పుట్టి, ఒకే వయసులో ఇంచుమించు అదే స్థాయికి చేరిన ఇద్దరిలో ఒకరు ఇంటింటి పేరు, ఇంకొకరు క్విజ్ ప్రశ్న. టాలెంట్ తేడా అనుకుంటే సుళువే. కానీ లెక్క అలా లేదు. సానియా సింగిల్స్‌లో అత్యుత్తమ ర్యాంకు 27 (2007లో). జోష్నా అత్యుత్తమ ర్యాంకు 10 (2016లో). రెండు ఆటల లోతు ఒకటి కాదు, టెన్నిస్‌లో పోటీ చాలా ఎక్కువ, ఒప్పుకుంటా. డబుల్స్‌లో సానియా 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది, అదీ నిజమే. నేను పోటీ పెట్టడం లేదు. ప్రపంచంలో మొదటి పదిమందిలో చేరిన మనిషి మనకి ఎందుకు కనిపించలేదు అన్నదే నా ప్రశ్న.

దానికి ఆటలోనే సగం జవాబు ఉంది.

స్క్వాష్ 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో, హారో అనే బడిలో పుట్టింది. కోర్టు పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. ఇద్దరూ ఒకే వైపు నిలబడి ముందు గోడకేసి కొట్టాలి. గోడ కింది భాగంలో ఒక రేకు పట్టీ ఉంటుంది, బంతి దానికి తగిలితే పాయింటు పోయినట్టే. బంతి నేల మీద రెండోసారి పడేలోగా అవతలివాళ్ళు తిరిగి కొట్టాలి. చిన్న నల్ల రబ్బరు బంతి, దాని మీద రెండు పసుపు చుక్కలు. చల్లగా ఉంటే అసలు ఎగరదు. కొట్టి కొట్టి వేడెక్కించాక గానీ ఆట మొదలవదు. అంటే గెలుపు గోడ మీద కాదు. అవతలి మనిషిని మూలమూలకీ పరిగెత్తించి, ఊపిరి అందకుండా చేసి, బంతి దగ్గరికి రాలేని చోట వెయ్యాలి. గోడ మధ్యవర్తి, అంతే.

ఈ ఆట బ్రిటిష్ వాళ్ళతోపాటు ఇండియాకి వచ్చింది, వాళ్ళ కంటోన్మెంట్లలోకి, ఆఫీసర్ల క్లబ్బుల్లోకి. అక్కడే ఉండిపోయింది. క్రికెట్ అలా ఉండిపోలేదు, ఎందుకంటే క్రికెట్‌కి గోడలక్కర్లేదు, ఒక కర్ర చాలు. షటిల్‌కి రెండు వెదురు బొంగులూ, మధ్యలో ఒక తాడూ కడితే మా వీధిలో ఆట తయారు. స్క్వాష్‌కి గది కావాలి. గదికి తలుపు ఉంటుంది. తలుపుకి తాళం ఉంటుంది. తాళం చెవి మెంబర్ల దగ్గర ఉంటుంది. ఈ ఆట చరిత్రంతా ఈ నాలుగు వాక్యాల్లో ఉందని నాకనిపిస్తుంది.

ఎవరైనా ఆ తాళం దాటితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. పెషావర్ దగ్గర నవాకిల్లే అనే పల్లె. అక్కడి హాషిం ఖాన్ తండ్రి బ్రిటిష్ ఆఫీసర్ల క్లబ్బులో పనివాడు. పిల్లాడు కోర్టు బయటికి పోయిన బంతులు ఏరి తెచ్చేవాడు. ఆఫీసర్లు వెళ్ళిపోయాక ఖాళీ కోర్టులో తనే ఆడుకునేవాడు. అదే హాషిం ఖాన్ 1951లో, మూడు పదులు దాటాక, లండన్ వెళ్ళి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ తర్వాత అదే పల్లె మూలాలున్న జహంగీర్ ఖాన్, జాన్‌షేర్ ఖాన్ 1980లూ 90లూ ఏలారు. ఒక పల్లె నుంచి అంతమంది ప్రపంచ ఛాంపియన్లు రావడానికి నీళ్ళలో ఏదో మహిమ ఉందనుకోవడం కంటే, అక్కడి పిల్లలకి ఖాళీ కోర్టు దొరికింది అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

మన దేశంలో ఆడవాళ్ళ స్క్వాష్‌కి తొలి పెద్ద పేరు భువనేశ్వరి కుమారి, అల్వర్ రాజకుటుంబం మనిషి. 1977 నుంచి 1992 దాకా వరసగా 16 సార్లు జాతీయ ఛాంపియన్. పదహారేళ్ళు ఓటమి లేకుండా! ఆవిడ గొప్పతనాన్ని తక్కువ చెయ్యడం లేదు గానీ, ఒక ఆటలో పదహారేళ్ళపాటు ఒక్కరే గెలిచారంటే ఆ ఆటకి తలుపు ఎంత ఇరుకో కూడా అందులో కనిపిస్తుంది.

జోష్నాకీ ఆ తలుపు ఇంట్లోనే తెరుచుకుంది. వాళ్ళది కొడగు కుటుంబం. భారత సైన్యానికి తొలి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్ కరియప్ప ఆ వంశం వారే. తండ్రి అంజన్ చినప్ప స్క్వాష్ ఆటగాడు. మద్రాసులో క్లబ్బు ఉంది, క్లబ్బులో కోర్టు ఉంది, తండ్రితో వెళ్ళిన ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి రాకెట్ వచ్చింది. 2000లో, 14 ఏళ్ళ వయసులో, జాతీయ ఛాంపియన్ అయింది. అంత చిన్న వయసులో ఆ టైటిల్ అంతకుముందు ఎవరూ గెలవలేదు.

ఇక్కడ దాకా చదివి "డబ్బున్నోళ్ళ ఆట, డబ్బున్నోళ్ళ పిల్ల, ఇందులో కథేముంది" అనుకున్నా నేను కూడా. కథ ఆ తర్వాతే ఉంది.

జోష్నా పెద్దదయ్యే నాటికి చెన్నైలో ఇండియన్ స్క్వాష్ అకాడమీ వచ్చింది. కోచ్‌లు మలేషియా నుంచి వచ్చిన మేజర్ మణియం, మన సైరస్ పోంచా. (పోంచాకి 2005లో ద్రోణాచార్య ఇచ్చారు.) కోల్‌కతా కుర్రాడు సౌరవ్ ఘోషాల్ ఇల్లు వదిలి ఈ కోర్టుల కోసమే చెన్నై వచ్చాడు. 2019లో మగవాళ్ళలో టాప్ 10లో చేరిన తొలి భారతీయుడు అతనే. చెన్నై అమ్మాయి దీపికా పల్లికల్ కూడా అదే ఊళ్ళో తయారైంది. దీపిక వాళ్ళమ్మ సుసాన్ ఇట్టిచెరియా ఇండియాకి క్రికెట్ ఆడిన మనిషి. పదేళ్ళలో ఒకే ఊరి నుంచి ముగ్గురు ప్రపంచ టాప్ 10 ఆటగాళ్ళు. మళ్ళీ అదే, కోర్టు ఉన్న చోట మొక్క మొలిచింది.

కానీ చెన్నై బయట ఈ ఆటకి గాలి లేదు. ఎందుకంటే ఒలింపిక్స్‌లో లేదు. 2005లో 2012 లండన్ ఒలింపిక్స్ కోసం ఓటింగ్ జరిగితే స్క్వాష్ చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. 2009లో 2016 రియో కోసం మళ్ళీ అడిగితే గోల్ఫ్, రగ్బీలకి ఇచ్చారు. 2013లో 2020 టోక్యో కోసం అడిగితే రెజ్లింగ్‌ని వెనక్కి తెచ్చారు. మూడు ఇంటర్వ్యూలు, మూడుసార్లూ రిజెక్ట్. మనకైతే ఇంకో కంపెనీ ఉంటుంది. జోష్నాకి 2005లో 18, 2009లో 23, 2013లో 26. ఆటగత్తె జీవితంలో మంచి ఏళ్ళన్నీ ఆ మూడు ఓటింగుల మధ్యే గడిచాయి.

ఒలింపిక్స్‌లో లేకపోతే ఏమవుతుందో మన ఊరి ఉదాహరణతోనే చూడొచ్చు. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్‌కి కంచు, 2016 రియోలో సింధుకి వెండి. ఆ రెండు రాత్రుల తర్వాత హైదరాబాద్‌లో ఎన్ని బ్యాడ్మింటన్ కోచింగ్ సెంటర్ల బోర్డులు వెలిశాయో మీరే చూశారు. నాలుగేళ్ళకోసారి దేశమంతా ఒక ఆటని టీవీలో చూసే ఆ ఒక్క వారం జోష్నాకి ఎప్పుడూ రాలేదు.

అలాంటి ఆటలో ప్రొఫెషనల్ అంటే ఏంటి? అప్పట్లో ర్యాంకింగ్ లెక్క ఇలా ఉండేది. గత 12 నెలల్లో వచ్చిన పాయింట్లన్నీ కూడి, ఆడిన టోర్నమెంట్ల సంఖ్యతో భాగించాలి. అంటే సగటు. ఏడాది క్రితం గెలిచినది కిటికీలోంచి జారిపోతుంది, ఆ చోటు నింపాలంటే మళ్ళీ ఎక్కడికో ఎగరాలి. టోర్నమెంట్లన్నీ ఈజిప్టు, ఇంగ్లండ్, అమెరికా, కెనడా, మలేషియాల్లో. చెన్నై నుంచి ఎగిరి మొదటి రౌండ్‌లో ఓడితే టిక్కెట్టు డబ్బులు కూడా వెనక్కి రావు. పైగా ఆట నడుస్తుండగానే నిబంధనలు మారాయి. జోష్నా మొదలెట్టినప్పుడు సర్వీస్ చేసినవాళ్ళకే పాయింటు, గేముకి 9. 2000ల చివర్లో ఎవరు ర్యాలీ గెలిస్తే వాళ్ళకే పాయింటు, గేముకి 11 అయింది. సగం కోడ్ రాశాక క్లయింట్ స్పెక్ మార్చినట్టు.. పాత పద్ధతిలో ఓపికతో గెలిచేవాళ్ళు కొత్త పద్ధతిలో మొదటి నిమిషం నుంచే దాడి చెయ్యాల్సొచ్చింది. జూనియర్‌గా ప్రపంచ ఫైనల్ ఆడిన అమ్మాయికి సీనియర్ టాప్ 10 చేరడానికి 11 ఏళ్ళు పట్టింది. మధ్యలో మోకాలి గాయం. 2012లో సొంతూరి చెన్నై ఓపెన్ ఫైనల్లో ఇంగ్లండ్ అమ్మాయి సారా జేన్ పెర్రీని ఓడించి తిరిగి నిలబడింది.

ఆ 11 ఏళ్ళలో ఆవిడకంటే అయిదేళ్ళు చిన్నదైన దీపిక దాటుకుని ముందుకెళ్ళింది. 2012 డిసెంబర్‌లో టాప్ 10లో చేరిన తొలి భారతీయురాలు దీపికే. ఇక్కడే ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన, బాగా ఇబ్బంది పెట్టిన భాగం వస్తుంది.

దీపిక 2011లో జాతీయ టైటిల్ గెలిచింది. ఆ తర్వాత వరసగా కొన్నేళ్ళు జాతీయ పోటీలకి రానంది. కారణం ఒక్కటే, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ప్రైజ్ మనీలో తేడా. 2015లో మగ విజేతకి 1,20,000 రూపాయలు, ఆడ విజేతకి 50,000. అదే కోర్టు, అదే బంతి. అప్పటికే 2013లో అమెరికాలో యూఎస్ ఓపెన్ ఇద్దరికీ సమానంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇండియా మాత్రం కదల్లేదు. చివరికి 2016లో సమానం చేశారు, దీపిక వచ్చింది, ఫైనల్లో జోష్నాని ఓడించి గెలిచింది.

జోష్నా మాత్రం ఆ ఏళ్ళన్నీ ఆడుతూనే ఉంది, టైటిళ్ళు కూడబెడుతూనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకు చిరాకేసింది. ఒకరు నిలదీస్తుంటే ఇంకొకరు వెళ్ళి కప్పు తెచ్చుకోవడమేంటి అని. తర్వాత ఇంకో వైపు నుంచి చూశా. ఏటా ఆడవాళ్ళ ఫైనల్ జరగకపోతే, ఆడే మంచి ఆటగత్తె లేకపోతే, "అసలు ఆడవాళ్ళ ఆటే లేదు, ఇక సమానమేంటి" అనడం నిర్వాహకులకి ఇంకా తేలికయ్యేది. ఒకరు బయట నిలబడి అడగడం, ఒకరు లోపల ఆటని బతికించడం.. రెండూ కావాల్సొచ్చాయేమో. ఇది నా ఊహ మాత్రమే, వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకుని చేశారని నేననడం లేదు. మన ఆఫీసుల్లో కూడా చూస్తుంటాం కదా, జీతం తేడా గురించి రాజీనామా కాగితం పెట్టేవాళ్ళు ఒకరు, రిలీజ్ ఆగకుండా కూర్చునేవాళ్ళు ఒకరు. మొదటివాళ్ళకి పేరొస్తుంది, రెండోవాళ్ళ మీద అనుమానమొస్తుంది. కానీ హైక్ వచ్చినప్పుడు ఇద్దరికీ వస్తుంది. అయినా ఒక్క మాట. ఆ మార్పు కోసం ఎక్కువ పోగొట్టుకున్నది దీపికే. వదిలేసిన జాతీయ టైటిళ్ళు ఆవిడకి తిరిగి రావు. ఆ పద్దు జోష్నా రికార్డు పక్కనే రాసుకోవాలి.

విచిత్రమేంటంటే ఆ తగాదా నడుస్తున్న రోజుల్లోనే ఇద్దరూ కలిసి దేశానికి అతి పెద్ద గెలుపు తెచ్చారు. 2014 ఆగస్టు 2, గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్, మహిళల డబుల్స్ ఫైనల్. అవతల ఇంగ్లండ్ జంట జెన్నీ డంకాఫ్, లారా మస్సారో. మస్సారో అప్పటికి ప్రపంచ ఛాంపియన్. మనవాళ్ళు 11-6, 11-8తో గెలిచారు. కామన్వెల్త్ గేమ్స్ స్క్వాష్‌లో ఇండియాకి అదే మొట్టమొదటి పతకం, అదీ బంగారం. ఇంకో రెండు నెలలైనా కాకముందే ఇంచియాన్ ఆసియా క్రీడల సింగిల్స్ క్వార్టర్ ఫైనల్లో డ్రా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది. దీపిక గెలిచింది, కంచు తెచ్చుకుంది. జోష్నా ఖాళీ చేతులతో బయటికొచ్చి, కొన్ని రోజుల్లో అదే దీపికతో కలిసి జట్టుకి వెండి తెచ్చింది.

ఆ తర్వాత జోష్నాది రెండో ఇన్నింగ్స్. 2016 జూలైలో ప్రపంచ నంబర్ 10, అప్పటికి 29 ఏళ్ళు. 2017లో చెన్నైలోనే ఆసియా ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదురుగా మళ్ళీ దీపికే. అయిదు గేముల ఆటలో ఈసారి జోష్నా గెలిచి, ఆసియా టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. 2019లో దాన్ని నిలబెట్టుకుంది. 2018లో ఈజిప్టులోని ఎల్ గూనాలో నికోల్ డేవిడ్‌ని ఓడించింది. నికోల్ ఎవరంటే మలేషియాకి సచిన్ లాంటిది, ఎనిమిదిసార్లు ప్రపంచ ఛాంపియన్, 2006 నుంచి 2015 దాకా వరసగా నంబర్ వన్. అదే ఏడు జకార్తా ఆసియా క్రీడల్లో జోష్నాకి సింగిల్స్ కంచు, జట్టుకి వెండి. సెమీఫైనల్లో మలేషియా మీద గెలిచేటప్పుడు నికోల్‌ని మళ్ళీ ఓడించింది. 2019లో 17వ జాతీయ టైటిల్ గెలవడంతో భువనేశ్వరి కుమారి 16 టైటిళ్ళ రికార్డు చెరిగిపోయింది. ఆవిడ చివరి టైటిల్‌కి 27 ఏళ్ళ తర్వాత.

2022 ఏప్రిల్‌లో దీపిక కవలలు పుట్టిన ఆరు నెలలకే కోర్టులోకొచ్చింది. గ్లాస్గోలోనే ప్రపంచ డబుల్స్. జోష్నాతో కలిసి బంగారం. ఎనిమిదేళ్ళ క్రితం గెలిచిన అదే ఊరు, అదే జంట. అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో జోష్నా సింగిల్స్ క్వార్టర్స్‌లో ఓడింది, ఇక అయిపోయిందన్నారు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు కంచు. 2024లో పద్మశ్రీ (దీపికకి పదేళ్ళ ముందే, 2014లో వచ్చింది). సాధారణంగా పద్మశ్రీ అంటే ఇక కామెంటరీ చెప్పుకోమని సూచన. కానీ 2025 అక్టోబర్‌లో, 39 ఏళ్ళ వయసులో, ఆవిడ యోకోహామాలో జపాన్ ఓపెన్ గెలిచింది. ఆ డిసెంబర్‌లో చెన్నైలో స్క్వాష్ ప్రపంచ కప్ జరిగింది, ఒక షాపింగ్ మాల్‌లో అద్దాల కోర్టు వేసి. ఇండియా మొదటిసారి కప్పు గెలిచింది. హాంకాంగ్ మీద ఫైనల్లో మొదటి మ్యాచ్ ఆడింది, గెలిచింది జోష్నే. అదే జట్టులో 17 ఏళ్ళ అనాహత్ సింగ్ ఉంది. ఆ అమ్మాయి 2023లో 15 ఏళ్ళకే జాతీయ ఛాంపియన్ అయింది. జోష్నా తన తొలి జాతీయ టైటిల్ గెలిచేనాటికి అనాహత్ ఇంకా పుట్టలేదు. మధ్యలో ఉన్న ఆ పాతికేళ్ళ వంతెన పేరే జోష్నా చినప్ప.

2023 అక్టోబర్‌లో, మన ముంబైలోనే జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో, స్క్వాష్‌ని 2028 లాస్ ఏంజెలెస్ గేమ్స్‌లోకి తీసుకున్నారు. అప్పటికి జోష్నాకి 37. తలుపు తెరిచారు, కానీ తట్టిన మనిషికి ఆలస్యంగా తెరిచారు.

సరే, ఇక మన సంగతి. గోపీచంద్, సైనా, సింధు, జ్వాల, సానియా.. రాకెట్ ఆటల్లో హైదరాబాద్‌ని మించిన ఊరు దేశంలో ఉందా? అయినా స్క్వాష్‌లో తెలుగమ్మాయి పేరు ఒకటి చెప్పమంటే అందరం ఆగిపోతాం. రాకెట్ పట్టే చేతులు లేకనా? నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది. చిన్న ఊరు అడ్డం కాదు, అక్కడ ఆ పిల్ల వెళ్ళి నేర్చుకోగలిగే చోటు ఒకటి ఉంది, అంతే తేడా. తాండూరు బండలు దేశమంతటా ఇళ్ళలో పరిచారు. మా దగ్గర రాయికీ సిమెంటుకీ కొదవ లేదు. వికారాబాద్ 2016లో జిల్లా కేంద్రం కూడా అయింది. అటు తాండూరులో గానీ ఇటు వికారాబాద్‌లో గానీ స్క్వాష్ కోర్టున్న బడిలో చదివానన్న మనిషి నాకింతవరకూ ఎదురుపడలేదు.

ప్రభుత్వం కట్టాలి, అకాడమీ పెట్టాలి.. ఆ మాటలన్నీ నిజమే, అందరూ అంటారు. నా బాధ వేరే. కోర్టులు ఇప్పటికే ఉన్నాయి. ఐటీ వాళ్ళుండే గేటెడ్ కమ్యూనిటీల్లో, మన ఈఎంఐ డబ్బులతో కట్టినవి. చాలా వాటిలో సైకిళ్ళు ఆడుకుంటున్నాయి. వాటికి పాతిక గజాల దూరంలో, కింద సెల్లార్లో, తాండూరు నుంచో నారాయణపేట నుంచో వచ్చిన వాచ్‌మన్ పిల్లలు గోడకేసి బంతి కొడుతున్నారు. 1920ల పెషావర్ క్లబ్బుకీ ఇవాళ్టి మన క్లబ్‌హౌస్‌కీ తేడా ఒక్కటే. అక్కడ ఆఫీసర్లు ఆడి వెళ్ళిపోయాక పిల్లాడికి కోర్టు దొరికేది. మనం ఆడమూ, దొరకనివ్వమూ.

మా వాట్సాప్ గ్రూపులో రాశా, ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ గది తెరుద్దాం, సిబ్బంది పిల్లల్ని కూడా రానిద్దాం అని. జవాబులు మీరు ఊహించగలరు. "దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు?" "ఇవాళ కోర్టంటారు, రేపు స్విమ్మింగ్ పూలంటారు." "క్లబ్‌హౌస్ రెసిడెంట్లకి మాత్రమే, బైలా చూడండి." ఒకాయన మాత్రం విడిగా మెసేజ్ పెట్టాడు, "నా దగ్గర రెండు పాత రాకెట్లున్నాయి, కావాలంటే తీసుకోండి" అని. ఒక్క ఆదివారానికి ట్రయల్ అని పర్మిషన్ ఇచ్చారు. ఇద్దరం కలిసి సోఫా బయటికి లాగాం, మండపం కర్రలు గోడకి చేర్చాం, నేల తుడిచాం.

మొదటి దెబ్బకి బంతి చచ్చినట్టు కింద పడింది, ఎగరనే లేదు. "అన్నా, ఇది ఖరాబైన బంతి" అంది పిల్ల. కాదమ్మా, చల్లగా ఉంది, కొడుతూ ఉంటే వేడెక్కుతుంది అన్నా. నేను పది నిమిషాలకే ఆయాసంతో కూర్చున్నా. ఆ పిల్ల ఆపలేదు. అరగంటకి బంతి ఎగరడం మొదలైంది.

ఇప్పుడు మళ్ళీ తాళం పడింది. ఈ నెల సొసైటీ మీటింగు ఎజెండాలో ఈ విషయం నాలుగో అంశం, లిఫ్ట్ రిపేరు తర్వాత, నీళ్ళ ట్యాంకర్ల బిల్లు ముందు. ఏమైందో ఇంకో టపాలో రాస్తా. ఈలోగా ఒక్క పని చెయ్యండి. మీ క్లబ్‌హౌస్‌లో ఆ గది ఎక్కడుందో, దాని తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని కింద కామెంటులో చెప్పండి.